ఊరు మెచ్చిన పాటల నాటకాన్ని సినిమా తీయాలంటే: నాలుగు దారులు, ఎవరికి ఏది

రాత్రి తొమ్మిదింటికి మొదలై తెల్లారేదాకా జనాన్ని కదలనివ్వని ఆట ఒకటి మీ నాటక సమాజం చేతిలో ఉంది. అది సత్య హరిశ్చంద్ర పద్యనాటకం కావచ్చు, సారంగధర చిందు భాగోతం కావచ్చు, ప్రజానాట్యమండలి బాటలో పాటలతో అల్లిన కొత్త నాటకం కావచ్చు. మిర్యాలగూడలో ఆడినా వనపర్తిలో ఆడినా పేరొచ్చింది. ఇప్పుడు దాన్ని సినిమాగా తీద్దామన్న మాట పుట్టింది. హార్మోనియం వాయించే ఆయన మనసులో ఒక సినిమా ఉంది. కెమెరా తెస్తానన్న కుర్రాడి మనసులో ఇంకొకటి. డబ్బు పెడతానన్న పెద్దమనిషి అనుకుంటున్నది మరొకటి. ముగ్గురూ "సినిమా" అనే అంటున్నారు కాబట్టి తేడా బయటికి తెలియదు. షూటింగ్ సగంలో తెలుస్తుంది. అప్పటికి డబ్బూ పోతుంది, మాటా పోతుంది.

రంగస్థలం మీద గెలిచిన పాటల నాటకాన్ని తెర మీదికి తేవడానికి నాలుగు దారులున్నాయి. వాటిలో మీది ఏదో పెట్టుబడి మాట ఎత్తకముందే తేల్చుకోండి. తేల్చుకోవడానికి ముందు ఏమేం చూడాలో చెబుతాను.

ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికంటే ముందు, జనం దేనికోసం కూర్చుంటున్నారో కనిపెట్టండి. ఈసారి ఆట జరిగేటప్పుడు స్టేజీ వైపు కాకుండా జనం వైపు తిరిగి కూర్చోండి. ఎక్కడ "వన్స్ మోర్" అంటున్నారు? ఎక్కడ ఆడవాళ్ళు మాటలాపి చూస్తున్నారు? కుర్రాళ్ళు ఏ రంగంలో లేచి చాయ్‌కి పోతున్నారు? హరిశ్చంద్ర కథ ఎలా ముగుస్తుందో తెలియని మనిషి ఊళ్ళో లేడు. అయినా కాటిసీను (శ్మశానంలో జరిగే రంగం) కోసం అర్ధరాత్రి దాటాక కూడా కళ్ళు నులుముకుంటూ కూర్చుంటారు. వాళ్ళు కూర్చున్నది పద్యం కోసం. ఆ గొంతు పైషడ్జం, అంటే పైస్థాయి ‘స’ అందుకుని, అక్కడ నిలబడి, మెల్లగా కిందికి దిగే ఆ నిమిషం కోసం. కొత్త నాటకమైతే సంగతి వేరు, అక్కడ కథే జనాన్ని కూర్చోబెడుతుండొచ్చు. ఈ ఒక్క ప్రశ్నకు నిజాయితీగా జవాబు దొరికితే నాలుగు దారుల్లో రెండు వాటంతటవే మూసుకుపోతాయి.

రెండోది, పాట ఎందుకు వస్తోంది? రంగస్థలం మీద రాజు పాడుతూ వస్తే ఎందుకు పాడుతున్నావని ఎవరూ అడగరు. అదే రాజును దేవరకొండ కోట గోడల మధ్య నిజం ఎండలో నిలబెట్టి పాడిస్తే, చూసేవాడి మనసులో ఆ ప్రశ్న పుడుతుంది. మన ప్రేక్షకులకు సినిమాలో పాటలు అలవాటే కదా అనొచ్చు. ఆ అలవాటు కథను కాసేపు పక్కన పెట్టి పాడుకునే పాటకు. భాగోతంలో పాట అట్లాంటిది కాదు. కొట్లాట, బతిమాలడం, బేరం, ఏడుపు అన్నీ దరువులోనే, అంటే తాళం మీద నడిచే పాటలోనే సాగుతాయి. పాట తీసేస్తే కథే ఆగిపోతుంది. మీ ఆటలో పాటలు ఏ రకమో ఒక్కొక్కటిగా రాసుకోండి.

మూడోది ముఖం. అర్దళం (పసుపు రంగు) పూసిన ముఖం, భుజకీర్తులు, చేతుల విసురు, ఇవన్నీ చివరి వరుసలో కూర్చున్న ముసలాయనకు కూడా కనబడాలని కట్టిన వేషం. కెమెరా మూరెడు దూరంలో ఉంటుంది. చంద్రమతి వేషం కట్టిన మగమనిషిని ముప్పై అడుగుల దూరం నుంచి జనం చంద్రమతిగానే చూస్తారు, ఏడుస్తారు. క్లోజప్‌లో గడ్డం నీడ కనబడుతుంది. వయసు సంగతీ అంతే. అమెరికాలో ‘డియర్ ఇవాన్ హాన్సెన్’ అనే పాటల నాటకంలో బడి పిల్లవాడి పాత్రకు టోనీ అవార్డు అందుకున్న నటుడినే 2021 సినిమాలోనూ పెట్టారు. స్టేజీ మీద ఎవరికీ పట్టని వయసు తేడా తెర మీద పెద్ద విమర్శ అయింది.

నిడివి కూడా ఉంది. ఆరేడు గంటల ఆట రెండున్నర గంటల్లో పట్టాలంటే సగానికి పైగా పోవాలి. ఏది పోవాలో నటులు కూర్చుని తేల్చుకోలేరు, ఎవరి పద్యం వాళ్ళకు ప్రాణం. ‘వికెడ్’ అనే బ్రాడ్‌వే నాటకాన్ని కోయడం కుదరక 2024లో ఒకటి, 2025లో ఒకటిగా రెండు సినిమాలు చేశారు. అంత స్తోమత మనకు లేదు కాబట్టి కత్తెర తప్పదు.

హక్కుల గురించి కింద విడిగా చెబుతాను, అది ఒక పేరాలో తేలేది కాదు. డబ్బు ఎంత ఉందో మీకే తెలుసు.

మొదటి దారి: ఆటను ఆటగానే పట్టుకోవడం

స్టేజీ, తెర, జనం, అన్నీ ఉన్నవి ఉన్నట్టుగా నాలుగు కెమెరాలతో తీయడం. దీన్ని చిన్నచూపు చూసేవాళ్ళు చాలామంది ఉన్నారు. ‘హామిల్టన్’ అనే నాటకాన్ని 2016 జూన్‌లో అది ఆడుతున్న థియేటర్లోనే, అసలు నటులతోనే తీశారు. జనం ముందు జరిగిన ప్రదర్శనలను తీసుకుని, జనం లేని వేళ దగ్గరి షాట్లు విడిగా తీసి వాటికి కలిపారు. 2020 జూలైలో ఓటీటీలోకి వచ్చింది. టికెట్టు కొనలేని ఎందరికో ఆ నాటకం అందింది.

మన దగ్గర చేయాలంటే పద్ధతి ఇదే. ఒక రాత్రి జనం ముందు ఆట, మర్నాడు పగలు మూసిన హాల్లో దగ్గరి షాట్లు. ఒక కెమెరా కదలకుండా మొత్తం స్టేజీ మీద, ఒకటి హార్మోనియం, మద్దెల, వంత పాడేవాళ్ళ మీద, రెండు ముఖాల కోసం. ఊళ్ళో స్పీకర్ బాక్సుల నుంచి వచ్చే చప్పుడును రికార్డు చేస్తే మాత్రం అంతా పాడైపోయినట్టే. ప్రతి గొంతుకూ, ప్రతి వాయిద్యానికీ మైకు విడిగా, ట్రాక్ విడిగా ఉండాలి.

"వన్స్ మోర్" బతికేది ఈ ఒక్క దారిలోనే. జనం కేక, నటుడు నవ్వి మళ్ళీ పద్యం ఎత్తుకోవడం, రెండోసారి ఇంకో సంగతి (రాగంలో కొత్త మలుపు) వేసి పాడటం. పద్యనాటకం అంటే నటుడూ జనమూ కలిసి ఆడే ఆట. మిగతా మూడు దారుల్లో జనం బయటే ఉండిపోతారు.

లోటు కూడా ఉంది. థియేటర్లవాళ్ళు దీన్ని తీసుకోవడం కష్టం. భాగోతం అలవాటు లేని పట్నం ప్రేక్షకుడు పది నిమిషాల్లో లేచిపోవచ్చు. అయినా నా మాట గట్టిగా చెబుతున్నాను: మీ సమాజంలో డెబ్బై దాటిన నటులు ఉంటే, మీరు ఏ దారి ఎంచుకున్నా సరే, ముందు ఈ పని చేయండి. ఈ ఏడే చేయండి. ఆ గొంతు పోతే దాన్ని ఏ బడ్జెట్టూ తిరిగి తేలేదు.

రెండో దారి: పాటలతో పూర్తి సినిమా

చాలామంది మనసులో ఉండేది ఇదే. కథ అదే, పాటలు అవే, స్టేజీ బదులు నిజమైన ఊరు, కోట, నది. కాటిసీను సోమశిల దగ్గర కృష్ణ ఒడ్డునో, డిండి వాగు పక్కనో. చూడ్డానికి బాగుంటుంది. కష్టం కూడా ఇందులోనే ఎక్కువ.

మొదటి చిక్కు: ఎవరు పాడతారు? 1964లో ‘మై ఫెయిర్ లేడీ’ సినిమా తీసినప్పుడు స్టేజీ మీద ఆ పాత్రను నిలబెట్టిన జూలీ ఆండ్రూస్‌ను పక్కన పెట్టి, సినిమా పేరున్న ఆడ్రీ హెప్‌బర్న్‌ను తీసుకున్నారు. పాటలు చాలావరకు మార్నీ నిక్సన్ అనే గాయని పాడింది. మన దగ్గర అది వింత కాదు. స్థానం నరసింహారావు సత్యభామ వేషంలో పాడి తెలుగునాడంతా మోగించిన ‘మీరజాలగలడా’ పాటను 1966 నాటి ‘శ్రీకృష్ణ తులాభారం’లో సుశీల పాడగా జమున అభినయించారు. పాట రంగస్థలానిదే, గొంతూ ముఖమూ సినిమావి. అది నిలిచింది, ఎందుకంటే పాట నడకను చెడగొట్టలేదు.

కాబట్టి నటుడిని మార్చొచ్చు, గాయకుడినీ మార్చొచ్చు. కానీ పాలమూరు యాసలో, ఊరి గాలిలో పెరిగిన గొంతును తీసేసి స్టూడియో గొంతు పెట్టేముందు ఒక్కసారి ఆగండి. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర పట్టుకుని ఒక పెద్ద సినిమా టైటిల్ పాట ఎత్తుకున్నప్పుడు రాష్ట్రమంతా చెవి ఒగ్గి విన్నది ఆ గొంతులోని గరుకుతనాన్నే. మీ ఆటకు ఉన్న ఆస్తి కూడా అదే అయితే, దాన్ని నున్నగా చేసి అమ్మడం నష్టం బేరం.

రెండో చిక్కు: ఎప్పుడు పాడతారు? ముందే రికార్డు చేసి పెదవులు కలపడమా, కెమెరా ముందు నిజంగా పాడటమా? 2012లో ‘లే మిజరాబ్ల్’ సినిమాలో నటులందరూ సెట్ మీదే పాడారు. చెవిలో చిన్న ఇయర్‌పీస్‌లో పియానో వినిపించేవారు, వాద్యబృందాన్ని తర్వాత కలిపారు. ఏడుస్తూ పాడితే గొంతు వణకడం, మధ్యలో ఊపిరి తెగడం, అన్నీ తెర మీదికి వచ్చాయి.

మన పాటలకు ఏది కుదురుతుంది? దరువు తాళం మీద నడుస్తుంది. ముందే రికార్డు చేసి పెట్టుకుంటే ఆడేవాడి కాలు, పెదవి రెండూ దానికి కలుస్తాయి. పద్యం అట్లా కాదు. రాగం ఎంతసేపు తీయాలో, ఏ మాట దగ్గర ఆగాలో ఆ క్షణంలో నటుడికే తెలుసు. తాళం లేని పద్యానికి పెదవులు కలపమంటే ఎంత మంచి నటుడైనా తడబడతాడు. కళ్ళలో దుఃఖం ఉండాల్సిన చోట "ఇప్పుడు ఎత్తుకోవాలా, ఆగాలా" అన్న టెన్షన్ కనబడుతుంది. అందుకే దరువులు ముందే రికార్డు చేయండి, పద్యాలు మాత్రం కెమెరా ముందు పాడించండి. చెవిలో శ్రుతి వినిపిస్తూ ఉంటే ఒక టేకుకూ ఇంకో టేకుకూ శ్రుతి మారదు. అయినా రెండు టేకులను కలిపి కోయడం కుదరదు, నడక వేరుగా ఉంటుంది. రెండు మూడు కెమెరాలు ఒకేసారి తిరగాలి.

గొంతు సంగతి మరవొద్దు. ఆటలో ఒక పద్యం ఒకసారి, మహా అయితే "వన్స్ మోర్" అంటే రెండుసార్లు. షూటింగ్‌లో లైటు కుదరలేదనో, ఎవరో అడ్డం వచ్చారనో అదే పద్యం ఎనిమిది సార్లు పాడాల్సి రావచ్చు. రోజుకు రెండు పద్యాలకు మించి పెట్టుకోకండి. చుట్టూ బోరు మోటర్ల మోత, పక్క ఊరి డీజే, జనరేటర్ హోరు లేని చోటు వెతకడం లొకేషన్ అందం కంటే ముఖ్యం.

కోత కూడా ఈ దారిలోనే ఎక్కువ నొప్పి. ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ 1959లో స్టేజీ మీదికి వచ్చింది. 1965లో సినిమా తీసినప్పుడు స్టేజీ పాటలు కొన్ని తీసేశారు, రెండు కొత్తవి కలిపారు, కథను సాల్జ్‌బర్గ్ కొండల్లోకి తీసుకుపోయారు. పాటకు చోటు మార్చితే దానికి కొత్త ప్రాణం రావచ్చు. ఇంట్లో పాడే పాటను పొలం గట్టు మీద పాడిస్తే ఎట్లా ఉంటుందో ముందుగా ఆలోచించండి. కాకపోతే కొత్త పాట కలపాలంటే పాత పాటల పక్కన నిలబడగల కవి కావాలి. దొరక్కపోతే కలపకండి.

మూడో దారి: పాట పుట్టే చోట మాత్రమే పాట

ఇందులో పాటలు ఉంటాయి, కానీ లోకంలో నిజంగా పాడే చోటే వస్తాయి. 1966 నాటి ‘క్యాబరే’ నాటకాన్ని 1972లో సినిమా చేసినప్పుడు, పాత్రలు ఇళ్ళల్లో పాడుకునే పాటలను తీసేసి, దాదాపు అన్నిటినీ క్లబ్బు స్టేజీ మీదికే పరిమితం చేశారు. ఆ సినిమాకు 8 ఆస్కార్లు వచ్చాయి. ‘షికాగో’ను 2002లో తీసినప్పుడు పాటలు ఎక్కువగా కథానాయిక ఊహలో సాగేట్టు కూర్చారు. రెండింటిలోనూ "ఎందుకు పాడుతున్నారు" అన్న ప్రశ్నకు జవాబు దొరికింది.

దూరం పోనక్కర్లేదు. 2023లో వచ్చిన ‘బలగం’ చివర్లో బుడగజంగాల కళాకారులు పాడే పాట దగ్గర థియేటర్లే ఏడ్చాయి. చావు జరిగిన ఇంట్లో, దినాల నాడు, ఆ పాట నిజంగా పాడే చోటు అది. సినిమా మొత్తం ఆ పాట దగ్గరికే జనాన్ని నడిపించింది.

హరిశ్చంద్ర ఆటకు దీన్ని ఎట్లా వాడొచ్చు? హరిశ్చంద్ర కథ చెప్పకండి. హరిశ్చంద్ర వేషం కట్టే మనిషి కథ చెప్పండి. పాలమూరు నుంచి పుణె వైపు పనికి వలస పోయి, జాతరకు ఊరికి వచ్చి, ఆ ఒక్క రాత్రి కిరీటం పెట్టుకునే మనిషి. ఇంట్లో అప్పు, కొడుకుతో మాట పట్టింపు. కాటిసీనులో లోహితాస్యుడి శవం ముందు పద్యం ఎత్తుకున్నప్పుడు ఆయన ఎవరి కోసం ఏడుస్తున్నాడో ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. పద్యనాటకం పేరు వినని ఇరవై ఏళ్ళ పిల్లకు కూడా ఆ పద్యం అందుతుంది.

చిన్న బడ్జెట్‌తో కొత్తగా సినిమా తీసే కుర్రాళ్ళకు నేను మొదట చెప్పేది ఈ దారే. స్టేజీ స్టేజీగానే ఉంటుంది కాబట్టి రంగూ వేషమూ ఇబ్బంది కావు. చంద్రమతి వేషం కట్టిన మగమనిషి తెర వెనక బీడీ ముట్టించుకున్నా అది కథలో భాగమే.

దీనికి కట్టాల్సిన ధర కూడా ఉంది. ఆట ముక్కలవుతుంది. ఏడు గంటల్లో పావుగంటే తెర మీదికి వస్తుంది. "మా ఆట సినిమా తీస్తారనుకున్నాం, మీ కథకు మమ్మల్ని వాడుకున్నారు" అని కళాకారులు బాధపడితే అందులో న్యాయం ఉంది. కాబట్టి ఈ సంగతి మొదటిరోజే కూర్చోబెట్టి చెప్పాలి. ఇంకోటి, ఇక్కడ కొత్త కథ మొత్తం మీరే రాయాలి. అది బలంగా లేకపోతే కాటిసీను ఒక్కటే సినిమాను మోయలేదు.

నాలుగో దారి: పేరో, కాలమో, స్ఫూర్తో తీసుకుని కొత్త సినిమా

నల్లగొండ వాళ్ళకు దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తెలంగాణ రైతాంగ పోరాటం మీద సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన ‘మా భూమి’ నాటకాన్ని ప్రజానాట్యమండలి ఊరూరా ఆడింది. 1980లో విడుదలైన ‘మా భూమి’ సినిమా పేరు అదే, నేల అదే, పోరాటం అదే. కథకు మాత్రం కిషన్ చందర్ నవల ఆధారం. గౌతమ్ ఘోష్ దర్శకత్వం, బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్ నిర్మాణం. నాటకాన్ని తెరకెక్కించడం జరగలేదు. కానీ ఆ కాలపు పాట సినిమాలోకి వచ్చింది. బండి యాదగిరి కట్టిన పాటను గద్దర్ పాడారు. సుద్దాల హనుమంతు రాసిన ‘పల్లెటూరి పిల్లగాడా’ పాట కూడా ఈ సినిమాలో ఉంది. గొల్లసుద్దులు, బుర్రకథలతో ఊళ్ళను కదిలించిన హనుమంతు ఈ నల్లగొండ గడ్డ బిడ్డే. పసులు కాసే పిల్లవాడి ముఖం మీద ఆ పాట వినిపించినప్పుడు అది సభలో పాడే పాటగా కాక ఒక పిల్లవాడి బతుకుగా కనబడుతుంది.

మీ నాటకంలో జనాన్ని పట్టి ఉంచేది కథా, కోపమూ అయితే, పాటలు వాటికి తోడు మాత్రమే అయితే, ఈ దారి మంచిది. పద్యం కోసమే జనం వచ్చే ఆటకు మాత్రం దీన్ని వాడొద్దు. పద్యం తీసేసిన హరిశ్చంద్ర నాటకంలో జనం కోరేది ఏదీ మిగలదు.

ఒకచోట చూసుకోవడానికి

| చూడాల్సింది | ఆటను ఆటగా | పాటలతో పూర్తి సినిమా | పాట పుట్టే చోటే పాట | స్ఫూర్తితో కొత్తది |
|---|---|---|---|---|
| పద్యం, దరువు మిగిలేది | దాదాపు అంతా | కోత పోగా సగం లోపే | కొన్ని, కానీ బలంగా | ఒకటి రెండు |
| పాత నటులకు పని | అందరికీ | కొందరికి | స్టేజీ దృశ్యాల్లో అందరికీ | దాదాపు లేదు |
| ఖర్చు | తక్కువ | చాలా ఎక్కువ | మధ్యరకం | కథను బట్టి |
| కొత్త రచన | అక్కర్లేదు | కొంత | పూర్తిగా | పూర్తిగా |
| ఎక్కడ చూస్తారు | యూట్యూబ్, ఓటీటీ, ఊళ్ళో తెర | థియేటర్ | థియేటర్, ఓటీటీ, ఫిలిం ఫెస్టివల్ | థియేటర్, ఓటీటీ |
| పెద్ద ప్రమాదం | కొత్తవాళ్ళు చూడరు | మధ్యలో డబ్బు ఆగిపోవడం | కళాకారులు చిన్నబుచ్చుకోవడం | ఆట ఆనవాలు లేకపోవడం |

మీరు ఎవరు?

మీరు నాట్య సమాజం పెద్ద అయితే, మీ దగ్గర చందా డబ్బులు మాత్రమే ఉంటే, మొదటి దారి తప్ప ఇంకోటి చూడొద్దు. రెండో దారికి ఎవరైనా పెట్టుబడి పెడతామని వచ్చినా ముందు మొదటిది పూర్తి చేసి చేతిలో పెట్టుకోండి. ఆ రికార్డింగు చూపించే రేపు మంచి దర్శకుడిని ఒప్పించగలరు.

కెమెరా చేతిలో ఉన్న కుర్రాడివైతే, మూడో దారి. సమాజంతో కనీసం ఒక సీజన్ ఊళ్ళు తిరుగు. లారీలో సామాను ఎక్కించడం దగ్గర్నుంచి రంగు కడుక్కోవడం దాకా చూడు. నీ కథ అక్కడే దొరుకుతుంది.

నిర్మాతకు రెండో దారి ఆకర్షణగా ఉంటుంది, ఎందుకంటే పేరున్న కథకు మార్కెట్ ఉందనిపిస్తుంది. నిజమే, తెలుగు టాకీ మొదలైందే రంగస్థలం నుంచి. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో సురభి నాటక సమాజం నటులే ఉన్నారు. కానీ అప్పటి జనానికి పద్యం రోజువారీ సంగతి. ఇప్పుడు అట్లా కాదు. పేరున్న కథ అన్న ధైర్యం ఒక్కదానితోనే దిగకండి. 2019లో ‘క్యాట్స్’ సినిమా వచ్చింది, దశాబ్దాలపాటు ఆడిన పాటల నాటకం అది. నటుల ముఖాలకు కంప్యూటర్‌లో పిల్లి బొచ్చు అతికించి చూపిస్తే జనం తిప్పికొట్టారు. స్టేజీ మీద ఒప్పుకున్న వేషాన్ని తెర మీద నిజం చేయబోతే అంత పని జరుగుతుంది. కిరీటాన్ని గ్రాఫిక్స్‌తో మెరిపిద్దామన్న ఆలోచన వచ్చినప్పుడు ఇది గుర్తు చేసుకోండి.

ఊళ్ళో కొత్తగా పాటల నాటకం రాస్తున్న టీచర్లు, యువజన సంఘాలవాళ్ళు ఉన్నారు. వాళ్ళది కథాబలం ఉన్న నాటకమైతే నాలుగో దారిని, లేదంటే మూడోదాన్ని చూడొచ్చు.

హక్కులు: ఇక్కడే ఎక్కువమంది చిక్కుకుంటారు

"పాత నాటకమే కదా, ఎవరు అడుగుతారు" అని మొదలుపెట్టకండి. మన చట్టం ప్రకారం రచయిత బతికున్నంతకాలం, చనిపోయాక ఆ మరుసటి ఏడాది మొదటి నుంచి 60 ఏళ్ళు హక్కులు వారసులకు ఉంటాయి. ఇద్దరు కలిసి రాసిన నాటకమైతే చివర పోయినవారి నుంచి లెక్క.

కాటిసీనునే తీసుకోండి. హరిశ్చంద్ర నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం 1953లో కన్నుమూశారు. ఆయన రాసిన భాగానికి 2013తో గడువు తీరిపోయింది, ఎవరైనా వాడుకోవచ్చు. కానీ స్టేజీ మీద కాటిసీనులో నటులు పాడేది ఆయన పద్యాలే కాదు. గుర్రం జాషువా ‘శ్మశానవాటి’ పద్యాలు కూడా కలిపి పాడతారు, జనం ఎక్కువగా ఎదురుచూసేది వాటికే. జాషువా పోయింది 1971లో. అంటే ఆ పద్యాలకు 2031 చివరిదాకా హక్కులు ఉన్నాయి. నాటకం ఉచితమే అనుకుని తీసి, సినిమా పూర్తయ్యాక నోటీసు వస్తే అసలైన పద్యాలే తీసేయాల్సి వస్తుంది. సుద్దాల హనుమంతు 1982లో పోయారు కాబట్టి ఆయన పాటలకు 2042 చివరిదాకా అనుమతి కావాలి.

చిందు భాగోతాల్లో ఇంకో చిక్కు. కథ పాతది, ఎవరి సొత్తూ కాదు. కానీ మీ సమాజం నోటుబుక్కులో ఉన్న దరువు ఫలానా ఊరి ఫలానా కవి కట్టింది కావచ్చు. ఒక్కో దరువు ఎక్కడి నుంచి వచ్చిందో పెద్దవాళ్ళను అడిగి రాసిపెట్టుకోండి, వాళ్ళు ఉండగానే.

నటులకూ హక్కు ఉంది. ప్రదర్శన మీద కళాకారుడికి చట్టం 50 ఏళ్ళ హక్కు ఇస్తుంది. సినిమాలో వాడుకోవడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్నాక ఆ వాడకాన్ని అడ్డుకోలేరు. అయినా వ్యాపారంగా వాడినప్పుడు రాయల్టీ అడిగే హక్కు 2012 సవరణతో వచ్చింది. శాలువా కప్పి, చేతిలో కొంత డబ్బు పెట్టి, తెల్ల కాగితం మీద సంతకం తీసుకోవడం తప్పు పని. కాగితం తెలుగులో ఉండాలి, చదివి వినిపించాలి, ఏ దారిలో సినిమా తీస్తున్నారో అందులో స్పష్టంగా రాయాలి.

థియేటర్లో వేయాలంటే సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. ఆలంపురం గుళ్ళ వంటి రక్షిత కట్టడాల్లో తీయాలంటే పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోవాలి. ఎద్దులనో గుర్రాన్నో చూపిస్తే జంతు సంక్షేమ మండలి అనుమతి కూడా. ఇవి కష్టమైనవి కావు, టైమ్ పట్టేవి.

ఇంకా తేలకపోతే

ఆటలో ఒక్క రంగం తీసుకోండి, పది నిమిషాలది. ఒకసారి స్టేజీ మీద, జనం ముందు తీయండి. మరోసారి బయట, నిజమైన చోట, వేషం తగ్గించి తీయండి. మంచి ఫోను రెండు, అద్దెకు తెచ్చిన సౌండ్ రికార్డరు ఒకటి చాలు. ఆ రెండూ ఇద్దరు ముగ్గురు స్నేహితులకు కాకుండా, మీ ఆట ఎప్పుడూ చూడని ఊళ్ళో గోడకు తెల్ల బట్ట కట్టి వేయండి. వెంటనే అభిప్రాయం అడగకండి, మర్యాదకు బాగుందనే అంటారు. ఎవరు ఎక్కడ లేచారో, ఎక్కడ పిల్లలు కూడా మాటలాపారో రాసుకోండి. రికార్డు చేసేటప్పుడు మద్దెలకు మైకు విడిగా పెట్టండి. గొంతును మింగేసేది అదే, ఎడిటింగ్‌లో తగ్గించుకోవాల్సి వచ్చేది కూడా ముందుగా దాన్నే.